ఆ పాత్ర బరువెంత?

'మీ పాత్ర బరువెంత?'

పాత్రసామాన్ల కొట్లో బేరంలా ఉంది కదూ! కానీ క్రీ.పూ. 606లో చైనాలో ఒక రాజు నోట ఈ ప్రశ్న వచ్చినప్పుడు... అది సింహాసనం మీద కన్నేయడమే అయింది.

ఆ పాత్ర పేరు 'డింగ్'. మాంసం వండుకునే గిన్నె. గుండ్రంగా ఉంటే మూడు కాళ్లు, పలకగా ఉంటే నాలుగు. పైన రెండు చెవులు. చైనా లిపిలో ఈ పేరు రాసే అక్షరమూ ఆ పాత్ర బొమ్మలోంచి పుట్టిందే. మూడువేల ఏళ్లనాటి రాతల్లో చెవులూ కాళ్లూ ఇట్టే కనిపిస్తాయి.

వంటింటి గిన్నె కాస్తా కంచులో పోతపోసుకుని, పూర్వీకులకు నైవేద్యం పెట్టే పాత్రయింది. ఆపైన అధికారానికే గుర్తయింది. పూర్వం యూ అనే రాజు తొమ్మిది రాష్ట్రాల లోహంతో తొమ్మిది డింగ్‌లు చేయించాడనీ, అవి ఎవరి దగ్గరుంటే వారిదే రాజ్యమనీ ఐతిహ్యం.

అవి జౌ రాజుల దగ్గర ఉన్నప్పుడు చు రాజ్యాధిపతి జువాంగ్ సేనతో పొలిమేరకు వచ్చాడు. పలకరించడానికి వచ్చిన వాంగ్‌సున్ మాన్ అనే అధికారిని వాటి బరువు అడిగాడు. 'ఎంత బరువైతే మోసుకుపోవచ్చు?' అన్నది లోపలి మాట! అధికారి తొణకలేదు. బరువు పాత్రలో లేదు, ధర్మంలో ఉందన్నాడు. రాజు మంచివాడైతే చిన్న డింగ్ అయినా కదలదు, దారితప్పితే ఎంత పెద్దదైనా తేలికేనని తేల్చేశాడు. జువాంగ్ వెనుదిరిగాడు.

ఆ ప్రశ్న మాత్రం భాషలో ఉండిపోయింది. 'వెన్ డింగ్'... అంటే డింగ్ సంగతి అడగడం. అధికారానికి గురిపెట్టడమని అర్థం. నేడు చైనా ఆటల వార్తల్లో కప్పు మీద కన్నేసిన జట్టుకూ ఇదే మాట. ముగ్గురు సమవుజ్జీలు తలపడితే డింగ్ కాళ్లలా నిలిచారంటారు. మాట తప్పని మనిషిదైతే 'ఒక్క మాట, తొమ్మిది డింగ్‌ల బరువు'!

ఇప్పటిదాకా దొరికిన పురాతన డింగ్‌లలో అతి బరువైనది 1939లో అన్యాంగ్ దగ్గర బయటపడింది. జపాన్ సైన్యం కంటపడకుండా ఊరివాళ్లు మళ్లీ పాతిపెట్టారు. 1946లో తిరిగి తీశారు. తూకం 832.84 కిలోలు. ఇప్పుడది బీజింగ్‌లోని జాతీయ మ్యూజియంలో ఉంది.

మరి ఆ తొమ్మిదో? ఏనాడో మాయమయ్యాయి. తొలి చక్రవర్తి చిన్ షి హువాంగ్ నదిలోకి వెయ్యిమందిని దించి వెతికించినా ఒక్కటీ దొరకలేదని ప్రాచీన చరిత్రకారుడు సిమా చియాన్ రాశాడు. జువాంగ్ ప్రశ్నకు కిలోల్లో జవాబు ఇక లేనట్టే. వాంగ్‌సున్ మాన్ చెప్పిన జవాబు మాత్రం... ఇప్పటికీ బరువు తగ్గలేదు!