పొగ రాని తుపాకీ మందులో రంగు రేకులు ఎందుకు?

సూరత్ నగరానికి ఉత్తరాన, ముంబయి-అహ్మదాబాద్ రైలు మార్గం మీద ఉన్న కిమ్ పరిసరాల్లో నూలు, వస్త్ర పరిశ్రమలు విస్తరించి ఉన్నాయి. తెలంగాణ జిల్లాల నుంచి సూరత్ మరమగ్గాలకు వలస వెళ్లిన నేత కార్మికులకు ఆ పరిశ్రమలో ఒక అలవాటు సుపరిచితం. చూపుకు ఒకే తీరున ఉండే రెండు రకాల నూలు కలిసిపోకుండా కండె గొట్టాలకు వేర్వేరు రంగులు ఉంటాయి. కొన్ని మిల్లులలో నూలుకే, కడిగితే పోయే లేత రంగు పట్టిస్తారు. ఆ రంగు నూలు బలాన్ని పెంచదు, తగ్గించదు. అది ఏ రకమో మాత్రం చెబుతుంది. కండె తారుమారైతే బట్ట మీద చార పడుతుంది, ఆ తాను పాడవుతుంది.

తుపాకీ మందు తయారీదారులు కూడా ఇదే ఉపాయాన్ని ఆశ్రయించారు. అయితే అక్కడ పొరపాటు జరిగితే తుపాకీ గొట్టం పగులుతుంది, వేళ్లు తెగిపోతాయి, కంటిచూపు పోతుంది.

అమెరికా వంటి దేశాల్లో వేటగాళ్లు, గురి క్రీడాకారులు కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలను పారవేయకుండా వాటిలో మళ్లీ మందు నింపుకుంటారు. వారు కొనే డబ్బాల్లో కొన్నింటిని తెరిస్తే బూడిద, నలుపు కలిసిన సన్నని రేకుల మధ్య అక్కడక్కడ ఎర్రనివో, పచ్చనివో, నీలివో కనిపిస్తాయి. రంగు రేకులకు పేలుడు శక్తి ఎక్కువేమోనన్న అనుమానం చూసినవారికి సహజంగానే కలుగుతుంది. అది నిజం కాదు. రంగు రేకు కూడా మిగతా మందు లాంటిదే. దానికి అద్దకం వేశారు, అంతే.

అసలు రేకు ఆకారమే ఎందుకు? పాతకాలపు నల్లమందులో సురేకారం, బొగ్గు, గంధకం ఉండేవి. అది కాలితే సగానికి పైగా ఘన పదార్థంగా మిగిలి దట్టమైన పొగ కమ్ముకునేది. 1846లో స్విట్జర్లాండ్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త షోన్‌బైన్, పత్తిని ఆమ్లాలతో మార్చి గన్ కాటన్‌ను వెలుగులోకి తెచ్చారు. దానికి పొగ లేదు గానీ అదుపూ లేదు. మరుసటి ఏడాదే ఇంగ్లండ్‌లోని ఫావర్‌షామ్‌లో దానిని తయారుచేసే కర్మాగారం పేలిపోయింది. 1884లో ఫ్రాన్స్‌కు చెందిన పాల్ వియే దానికి పరిష్కారం కనుగొన్నారు. మారిన ఆ పత్తిని ద్రావకాలతో జిగురు ముద్దగా చేసి, పలుచని పొరలుగా ఒత్తి, చిన్న రేకులుగా కత్తిరించారు. ఈ మందు పైతలం నుంచి లోపలికి పొరపొరగా కాలుతుంది. కాబట్టి రేకు పలుచనైతే త్వరగా, మందమైతే నిదానంగా దహనమవుతుంది. కాలే వేగాన్ని మనిషి అదుపులోకి తెచ్చుకున్నది ఇక్కడే.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. వేగంగా కాలే మందుకూ, నిదానంగా కాలే మందుకూ కంటికి కనిపించే తేడా స్వల్పం. రేకులు సులువుగా జారడానికీ, స్థిర విద్యుత్తు పేరుకోకుండా ఉండడానికీ వాటికి గ్రాఫైట్ పూస్తారు. పెన్సిల్ ములుకులో ఉండే పదార్థమే అది. దానితో అన్నీ ఒకే బూడిద రంగులోకి మారుతాయి. ఈ కారణంగానే అమెరికాలో హెర్క్యులిస్ సంస్థ తన షాట్‌గన్ మందులకు రంగు రేకుల గుర్తు పెట్టింది. ఎర్ర రేకులున్న 'రెడ్ డాట్' వేగంగా కాలుతుంది, 'గ్రీన్ డాట్' అంతకంటే నిదానం, 'బ్లూ డాట్' మరింత నిదానం. ఆ మందులు ఇప్పుడు అలయంట్ పేరుతో వస్తున్నాయి.

ఎరుపు అంటే వేగం అని దీని నుంచి సూత్రం చేసుకోవడం ప్రమాదం. రంగు ఆ సంస్థ తన సరుకుకు పెట్టుకున్న గుర్తే తప్ప అన్ని సంస్థలకూ వర్తించే ప్రమాణం కాదు. రంగు రేకులే లేని మందులు కూడా అనేకం. ఈ గుర్తు వల్ల ఖాయంగా కలిగే మేలు ఒకటుంది. ఎర్ర రేకుల మందులో పచ్చ రేకు కనిపించిందంటే రెండు మందులు కలిసిపోయాయని అర్థం. అటువంటి మిశ్రమం ఎంత ఒత్తిడి పుట్టిస్తుందో ఎవరూ చెప్పలేరు.

రంగు విషయంలో నిజంగా భయపడవలసింది మరొకటి. ఈ మందు కాలక్రమంలో తనంతట తానే విచ్ఛిన్నమవుతుంది. దానిని నెమ్మదింపజేయడానికి డైఫినైలమైన్ వంటి స్థిరకారులను కలుపుతారు. అవి ఖర్చయిపోయాక ఘాటైన ఆమ్లపు వాసన, ఎర్రగోధుమ రంగు పొగ, తుప్పు వంటి పొడి కనిపిస్తాయి. ఆపై మందు లోలోపల వేడెక్కి దానంతట అదే అంటుకోవచ్చు. ఫ్రాన్స్‌లోని తూలోన్ రేవులో 1907లో 'యెనా', 1911లో 'లిబెర్తె' యుద్ధనౌకలు ఇలాగే బద్దలై వందలాది మందిని పొట్టనపెట్టుకున్నాయి. ఆ ఓడల్లో ఉన్నది వియే రూపొందించిన మందే.

మన దేశంలో పొగ రాని మందుకు పాత చిరునామా నీలగిరిలోని అరువంకాడు కార్డైట్ కర్మాగారం. బ్రిటిష్ కాలంలో మొదలైన ఆ కర్మాగారం 2021 నుంచి మ్యూనిషన్స్ ఇండియా సంస్థ కింద ఉంది. 2016 రియో ఒలింపిక్స్‌లో పాల్గొన్న హైదరాబాద్ క్రీడాకారుడు కైనాన్ చెనాయ్ పోటీపడే ట్రాప్ విభాగంలోనూ కాలేది ఈ కోవకు చెందిన మందే. ఇంట్లో తూటా నింపుకోవడం మాత్రం ఇక్కడ అభిరుచిగా చెల్లదు. 1959 ఆయుధ చట్టం తూటా మందునే కాక, తూటాలు తయారుచేసే యంత్రాలను కూడా మందుగుండు నిర్వచనంలోకి తెచ్చింది. లైసెన్సు లేకుండా తయారీకి పూనుకుంటే, 2019 సవరణ తరువాత కనీస శిక్ష ఏడేళ్ల జైలు.

తాతల నాటి పెట్టెలోనో, పాత గోదాములోనో రంగు రేకులున్న బూడిద రంగు పొడి కనిపిస్తే దానిని ఊపి చూడరాదు, మరో డబ్బాలోకి ఒంపరాదు, నిప్పు పెట్టి పరీక్షించరాదు. ఉన్నచోటనే ఉంచి, మనుషులను దూరంగా పంపి, పోలీసులకు సమాచారం ఇవ్వాలి.