లేని జంతువుల చిత్రకారుడు

ప్రకృతి చేయు వింతలు ఒక్కొక్కప్పుడు మనుష్యుని కల్పనను మించియుండును. 1798వ సంవత్సరమున ఆస్ట్రేలియానుండి ప్లాటిపస్ అను జంతువు చర్మము ఇంగ్లండునకు పంపబడెను. దానికి బాతుముక్కు, దట్టమైన బొచ్చు, వ్రేళ్లనడుమ తోలు ఉండెను. జార్జి షా అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు దానిని చూచి, ఎవరో బాతుముక్కును వేరొక జంతువు చర్మమునకు కుట్టిరేమో యని శంకించెను. అయినను చక్కగా పరీక్షించి, 1799లో దానిని గూర్చి వర్ణించి ప్రకటించెను. ఆ జంతువు నిజమైనదే. అది గ్రుడ్లు పెట్టి, పిల్లలకు పాలిచ్చునని తరువాతి శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

ప్రకృతి ఆడిన ఇట్టి ఆటను కాగితముపై ఆడి, బాలలను నవ్వించిన వంగ రచయిత సుకుమార్ రాయ్. ఆయన 1887లో కలకత్తాయందు జన్మించెను. తండ్రి ఉపేంద్రకిశోరుడు రచయిత, చిత్రకారుడు, ముద్రణకళానిపుణుడు. సుకుమార్ రాయ్ ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతిక, రసాయనశాస్త్రములను అభ్యసించి, 1911లో ముద్రణవిద్య నేర్చుటకై ఇంగ్లండు వెళ్లెను. 1913లో తండ్రి ‘సందేశ్’ అను బాలల పత్రికను స్థాపించెను. 1915లో తండ్రి మరణింపగా పత్రికాభారము కుమారునిపై పడెను. ఆయన అందు విజ్ఞానవ్యాసములు వ్రాసెను; హాస్యగీతములు రచించి, వానికి తానే బొమ్మలు గీసెను.

ఆయన కల్పించిన జంతువులలో ‘హాతిమి’ ప్రసిద్ధమైనది. వంగభాషలో ‘హాతి’ యనగా ఏనుగు, ‘తిమి’ యనగా తిమింగలము. మొదటి మాట చివర నున్న అక్షరమే రెండవ మాట మొదట నుండుటచే, రెండును అతుకు కనబడకుండ కలిసిపోయినవి. అట్లే బకమును కచ్ఛపమును, అనగా కొంగయు తాబేలును, కలిసి ‘బకచ్ఛపము’ పుట్టినది.

అయితే మాటలు కలిసినంత సులభముగా జంతువులు కలియవు. హాతిమిలోని తిమింగలము నీటిలోనికి పోదలచును. ఏనుగు అడవికి పోదమనును. హాస్యమంతయు ఇందే యున్నది. తిమింగలమునకు నీరును, ఏనుగునకు అడవియు నివాసములని తెలియనివానికి ఇందు నవ్వవలసిన దేమో బోధపడదు.

‘హేశోరాం హుశియారుని దినచర్య’ అను కథలో ఆయన శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టు పద్ధతితో పరిహాసమాడెను. అందు ముఖము ముడుచుకొనియుండు మృగము ‘గొమ్రాథేరియం’. కేకలు వేయునది ‘చిల్లానోసారస్’. ఈ పేర్లలో గ్రీకు మూలము గల ‘థేరియం’ అనగా మృగము, ‘సారస్’ అనగా బల్లి. నిజమైన శాస్త్రములోని పేర్లును ఇట్టివే. తెలంగాణములోని యామన్‌పల్లి సమీపమున దొరకిన శిలాజములనుబట్టి 1988లో వర్ణింపబడిన రాక్షసిబల్లికి ‘కోటాసారస్’ అని పేరు. దాని అస్థిపంజరమును హైదరాబాదులోని బిర్లా విజ్ఞానకేంద్రమున చూడవచ్చును.

1921లో సుకుమార్ రాయ్ కాలా అజార్ అను జ్వరమునకు లోనయ్యెను. శరీరము క్షీణించుచున్నను ఆయన వ్రాయుట, బొమ్మలు గీయుట మానలేదు. పడకపైనుండియే ‘ఆబోల్ తాబోల్’ అను తన గీతముల పుస్తకమును సిద్ధపరచెను. కాని అచ్చయిన పుస్తకమును చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. 1923 సెప్టెంబరు 10వ తేదీన, ముప్పదియైదేండ్ల ప్రాయమున, ఆయన మరణించెను. తొమ్మిది దినముల తరువాత పుస్తకము వెలువడెను. నేటికిని వంగదేశపు బాలలు దానిని చదివి నవ్వుచున్నారు.

ఈ ఆటను తెలుగులోను ఆడవచ్చును. ‘ఏనుగు’, ‘గువ్వ’ కలిసినచో ‘ఏనుగువ్వ’ యగును. అది ఏ కొమ్మపై వ్రాలును? తొండముతో గింజలేరునా? దాని గూడు ఎంతటిది? దాని బొమ్మ గీయదలచిన విద్యార్థి మొదట గువ్వ గూడు కట్టు విధమును, ఏనుగు మేయు విధమును శ్రద్ధగా గమనింపవలెను. ఉన్న జంతువులను చక్కగా ఎరిగినవాడే లేని జంతువును నమ్మదగినట్లు గీయగలడు.