కుక్కతో కాలువ గట్టు నడక

వారమంతా ఆఫీసు కుర్చీకి అతుక్కుపోయే పిస్కాటవే గుమాస్తాలం మేము. ఆదివారం మా కుక్కలే మమ్మల్ని బయటికి లాగుతాయి. రారిటన్ నది దాటి డెలావేర్ - రారిటన్ కాలువ గట్టుకు వెళ్తాం. 1834లో తెరిచిన ఈ కాలువను ఎక్కువగా ఐర్లండ్ నుంచి వచ్చిన వలస కూలీలే పలుగూ పారా పట్టి తవ్వారు. 1832లో కలరా సోకి వాళ్లలో ఎందరో చనిపోయారు. కంచర గాడిదలు పడవలు లాగిన బాటే ఇప్పుడు నడక దారి.

కుక్కకు ఆరడుగులు మించని తాడు కట్టాలి, దాని మలం మనమే ఎత్తాలి. రేబిస్ టీకా, టౌన్‌షిప్ లైసెన్సు తప్పనిసరి.

క్యాంపుల్లో ఉండే సోదరులారా, సెలవుపై ఇంటికెళ్తే దానికి అన్నం పెట్టేదెవరో తేల్చుకున్నాకే కుక్కను చేరదీయండి. అంతవరకు పక్క గది మిత్రుణ్ణి వెంటబెట్టుకుని నడవండి.