గుండె దడకు అబ్లేషన్ - చేయించుకున్న కొన్నేళ్ళకు ఎలా ఉంటుంది?

"గుండె దడదడలాడిపోతోందమ్మా" అనే మాట మన ఇళ్ళల్లో కొత్తదేం కాదు. మెట్లెక్కితే దడ, పిల్లల పరీక్షా ఫలితాలంటే దడ, అర్ధరాత్రి ఫోన్ మోగితే దడ. అందుకే నిజంగా గుండె లయ తప్పినా ఎవరూ పట్టించుకోరు. ముందుగా మనమే పట్టించుకోం. "గ్యాస్ అయ్యుంటుందిలే" అనుకుని కాసిని జీలకర్ర నీళ్ళు తాగి మళ్ళీ పొయ్యి దగ్గరకు వెళ్ళిపోతాం.

అయితే దడలన్నీ ఒకటి కావండీ. కంగారు వల్ల వచ్చే దడ మామూలుగా మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. ఇంకోరకం దడ ఉంది. ఏ కారణం లేకుండా, స్విచ్ వేసినట్టు టక్కున మొదలవుతుంది. నాడి నిమిషానికి 150, 180, ఒక్కోసారి 200 కూడా దాటుతుంది. మళ్ళీ స్విచ్ తీసేసినట్టు టక్కున ఆగిపోతుంది. ఇలాంటి లయ జబ్బులకు 'క్యాథెటర్ అబ్లేషన్' అనే చికిత్స ఉంది. ఈ పేరు ఇప్పుడు మన ఊళ్ళల్లో కూడా వినపడుతోంది. కానీ చేయించుకున్నాక ఎన్నాళ్ళు బాగుంటుంది, మళ్ళీ వస్తుందా, మందులు మానెయ్యొచ్చా అని అడిగితే తలా ఒక మాట చెబుతారు. ఒకరు "ఇక జన్మలో రాదు" అంటే, మరొకరు "డబ్బు దండగ, మా వాళ్ళకి మళ్ళీ వచ్చింది" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. ఎందుకంటే ఇద్దరి జబ్బు పేరు వేరు.

అసలేం చేస్తారు?

గుండె కొట్టుకోవడానికి సన్నని కరెంటు కావాలి. అది గుండె పైభాగంలో పుట్టి, ఒక దారిన కిందికి దిగుతుంది. పొలంలో కాలువ నీళ్ళలాంటిదే అనుకోండి. కాలువకు ఎక్కడో ఒక గండి ఉందనుకోండి, నీళ్ళు అసలు దారి వదిలి అక్కడక్కడే సుళ్ళు తిరుగుతాయి. గుండెలో అలా అడ్డదారి ఉంటే కరెంటు గిరగిరా తిరిగి దడ పుట్టిస్తుంది.

అబ్లేషన్ అంటే ఆ గండి పూడ్చడమే. ఛాతీ కొయ్యరు. తొడ మొదట్లో ఉన్న రక్తనాళంలోంచి సన్నని తీగల్లాంటి గొట్టాలు గుండెదాకా పంపి, ఏ చోట తప్పు జరుగుతోందో కనిపెట్టి, అక్కడ రవ్వంత భాగాన్ని వేడితోగానీ అతి చల్లదనంతోగానీ పనిచెయ్యకుండా చేస్తారు. 1968లో ఇలాంటి అడ్డదారిని తెంచడానికి అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఛాతీ తెరిచి ఆపరేషన్ చెయ్యాల్సొచ్చింది. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టర్ మెల్విన్ షైన్‌మన్ మొదటిసారి మనిషికి ఛాతీ తెరవకుండా క్యాథెటర్‌తో ఈ పని చేశారు. 1990ల మొదట్లో రేడియో తరంగాల వేడి వాడకంలోకి వచ్చాక ఇది అందరికీ అందే చికిత్స అయ్యింది.

పుట్టుకతో వచ్చిన అడ్డదారి అయితే

నేను పైన చెప్పిన టక్కున వచ్చి టక్కున పోయే దడను డాక్టర్లు ఎస్.వి.టి. అంటారు. ఇందులో ఎక్కువగా కనిపించే రకం మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో దాదాపు రెట్టింపు. ఈ రకానికి అబ్లేషన్ ఫలితం చాలా బాగుంటుంది. ఐరోపా గుండె వైద్యుల సంఘం 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం నూటికి 97 మందిలో పని పూర్తవుతుంది. తిరిగి వచ్చేది సుమారు ఇద్దరికి. గుండెలో పుట్టుకతో అదనపు తీగ ఉన్న మరో రకంలో నూటికి 92 మందికి నయమైతే, 8 మందికి తిరిగి రావచ్చు. వాళ్ళకు కూడా రెండోసారి చేసే వీలుంటుంది.

ప్రమాదం అసలు లేదని చెప్పను. గుండెకు సహజంగా ఉన్న కరెంటు దారి కూడా ఆ పక్కనే ఉంటుంది. అది దెబ్బతింటే పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చు. అలా జరిగేది నూటికి ఒక్కరికన్నా తక్కువే. బాగా అనుభవమున్న చోట చేయించుకోవాలనేది అందుకే.

ఇంకో మాట. ఎస్.వి.టి. ఉన్న ప్రతివాళ్ళూ అబ్లేషన్ చేయించుకోవాలనేం లేదు. ఏడాదికోసారి వచ్చి పోయేదైతే మాత్రలతోనో, డాక్టరు నేర్పిన చిట్కాతోనో గడుపుకోవచ్చు. 15 సెకన్లపాటు గట్టిగా ఊది ముక్కి, వెంటనే వెల్లకిలా పడుకుని, ఎవరిచేతైనా కాళ్ళు పైకెత్తించుకుని 15 సెకన్లు ఉంచడం ఆ చిట్కా. ఇంగ్లండులో చేసిన ఒక అధ్యయనం 2015లో వచ్చింది. అందులో ఇలా చేసిన నూటికి 43 మందికి దడ ఆగింది. పాత పద్ధతిలో ఆగింది 17 మందికే. అయితే మీకిది పనికొస్తుందో లేదో ముందు మీ డాక్టరుగారినే అడగండి.

'టెన్షన్' అనే ముద్ర

ఇంత మంచి చికిత్స ఉండి కూడా ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి ఎందుకు బాధ పడతారంటారా? 1997లో అమెరికాలో ఎస్.వి.టి. ఉన్న 107 మంది పాత కాగితాలు తిరగేసి చూశారు. సగానికి పైగా మందికి మొదటిసారి డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు జబ్బు తెలియనేలేదు. వాళ్ళల్లో ఆడవాళ్ళయితే నూటికి 65 మందికి "ఇది కంగారు, ఒత్తిడి" అని చెప్పి పంపారు. మగవాళ్ళకు అలా చెప్పింది నూటికి 32 మందికే! అసలు జబ్బుకు చికిత్స చేశాక చాలామందిలో ఆ కంగారు కూడా మాయమైంది.

మా పెద్ద తోటికోడలి సంగతే చెబుతాను. ఇరవై రెండో ఏట మొదటి కాన్పప్పుడు మొదలైంది దడ. ఆస్పత్రికి వెళ్ళేసరికి ఆగిపోయేది. ఇ.సి.జి. తీస్తే అంతా బాగానే ఉండేది. మంత్రం వేయించారు, తాయెత్తు కట్టించారు, ఒక డాక్టరు నిద్రమాత్రలు కూడా రాశారు. ఇంట్లో "పనెక్కువైతే ఈవిడకు దడొస్తుంది" అని నవ్వుకునేవాళ్ళు. పంతొమ్మిదేళ్ళు గడిచాక ఒక పెళ్ళిలో దడ వస్తే, కల్యాణమండపం ఎదురుగా ఉన్న నర్సింగ్‌హోమ్‌లో అప్పటికప్పుడు ఇ.సి.జి. తీశారు. నాడి 190! ఆ ఒక్క కాగితంతో జబ్బు పేరు తెలిసింది. అబ్లేషన్ అయ్యి ఇప్పటికి తొమ్మిదేళ్ళు. ఒక్కసారి కూడా మళ్ళీ రాలేదు. "దడ పోవడం సరే, నాది నాటకం కాదని అందరికీ తెలిసింది చూడు, అది నాకు ఇంకా పెద్ద సంతోషం" అంటుందావిడ.

కాబట్టి దడ వచ్చినప్పుడే, ఎంత చిన్న ఆస్పత్రయినా సరే, వెంటనే ఇ.సి.జి. తీయించుకోండి. ఆ కాగితం పారెయ్యకండి. రోజంతా గుండె లయను నమోదు చేసే 'హోల్టర్' అనే చిన్న పెట్టె కూడా ఉంటుంది, దాని గురించి అడగండి.

పెళ్ళి కావలసిన పిల్లకైతే

ఆడపిల్లకు ఈ జబ్బుంటే మనవాళ్ళు దాచేస్తారు. "గుండెకు ఆపరేషనంటే సంబంధాలు వస్తాయా?" అని భయం. కానీ కాన్పు సమయంలో ఎస్.వి.టి. ఎక్కువయ్యే అవకాశముంది. అప్పుడు అన్ని మందులూ వాడడానికి వీలుండదు. అందుకే మాటిమాటికీ దడ వచ్చే ఆడవాళ్ళు బిడ్డను కనాలనుకుంటే, ముందే అబ్లేషన్ చేయించుకోవడం మంచిదని వైద్య సంఘాలే చెబుతున్నాయి. ఛాతీ మీద కుట్టు ఉండదు, చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వచ్చేస్తారు. దాచి పెట్టి అత్తారింటికి పంపడంకన్నా నయం చేయించి పంపడం మేలు కదా?

పై గదులు వణికే జబ్బయితే

ఇక రెండో రకం, ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఇందులో గుండె పై గదులు సక్రమంగా ముడుచుకోకుండా వణుకుతుంటాయి. నాడి పట్టుకుంటే ఒక వరసలో ఉండదు. వయసు, బి.పి., షుగరు, ఎక్కువ బరువు, థైరాయిడ్, కవాటాల జబ్బు - వీటితో వస్తుంది. ఈ వణుకు చాలాసార్లు ఊపిరితిత్తులనుంచి గుండెకు వచ్చే సిరల దగ్గర మొదలవుతుందని 1998లో ఫ్రాన్సులోని బోర్డోలో డాక్టర్ మిషెల్ హైసగేర్ బృందం కనిపెట్టింది. ఇప్పుడు ఆ సిరల చుట్టూ గట్టు కట్టినట్టు అబ్లేషన్ చేస్తారు.

ఈ జబ్బులో మాత్రం "ఒకసారితో అయిపోయింది" అనుకోకూడదు. ఆ బోర్డో బృందమే 100 మందిని ఐదేళ్ళు గమనించి 2011లో చెప్పిన లెక్క చూడండి. ఒక్కసారి అబ్లేషన్‌తో ఐదేళ్ళపాటు లయ తప్పకుండా ఉన్నది 29 మందే. అవసరమైనవాళ్ళకు రెండోసారి, మూడోసారి కూడా చేశాక అది 63 అయ్యింది. అప్పటికన్నా ఇప్పుడు పరికరాలు బాగుపడ్డాయి, ఫలితాలూ మెరుగయ్యాయి. అయినా తిరిగి రావచ్చన్న మాట మారలేదు.

అలాగని దండగ కాదు. 2,204 మందితో చేసిన 'కబానా' అనే అధ్యయనం 2019లో వెలువడింది. మరణాలు, పక్షవాతం వంటి పెద్ద ఆపదల్లో మందులకూ అబ్లేషన్‌కూ గట్టిగా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కానీ మళ్ళీ లయ తప్పడం దాదాపు సగానికి తగ్గింది, రోజువారీ జీవితం ఎక్కువ సుఖంగా గడిచింది. గుండె బలహీనపడిన 363 మందిమీద చేసిన మరో అధ్యయనం 2018లో వచ్చింది. వాళ్ళల్లో చావుగానీ, గుండె బలహీనత పెరిగి ఆస్పత్రి పాలవడంగానీ మందులతో నూటికి 44 మందికి పైగా జరిగితే, అబ్లేషన్ అయినవాళ్ళలో 28 మందికి పైన మాత్రమే. ఎవరికి చేస్తున్నారన్నదాన్ని బట్టి లాభం ఉంటుందన్నమాట.

మా పెదనాన్నగారి అబ్బాయికి అరవై మూడేళ్ళు. మొదటి అబ్లేషన్ తర్వాత పద్నాలుగు నెలలు బాగున్నాడు. మళ్ళీ వచ్చింది, రెండోసారి చేశారు. ఇప్పటికి మూడేళ్ళు. ఏడాదికి ఒకటి రెండుసార్లు కాసేపు లయ తప్పుతుంది, అంతే. ఇదివరకు వీధి చివరిదాకా నడవలేనివాడు ఇప్పుడు రోజూ రైతుబజారుకు వెళ్ళి కూరలు తెస్తున్నాడు.

రక్తం పల్చబరిచే మాత్ర

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో అసలు భయం పక్షవాతం. వణికే గదిలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరుతుంది. అందుకే పల్చబరిచే మాత్రలు ఇస్తారు. అబ్లేషన్ తర్వాత కనీసం రెండు మూడు నెలలు అందరూ వాడాలి. ఆ తర్వాత వాడాలా, మానాలా అన్నది వయసు, బి.పి., షుగరు, ఇదివరకు పక్షవాతం వచ్చిందా అన్నవి చూసి డాక్టరే చెప్పాలి. "దడ లేదుగా, మాత్రెందుకు?" అనుకుని ఎవరికివారు మానెయ్యకూడదు. మా అన్నయ్య అలాగే అంటాడు. మా వదిన మాట్లాడకుండా మాత్రను కాఫీ కప్పు సాసరులో పెట్టి ఇస్తుంది!

చిన్నప్పటి కీళ్ళజ్వరం వల్ల కవాటం పాడైనవాళ్ళకు ముందు కవాటం సంగతి చూడాలి. వాళ్ళు ఎక్కువగా పాత రకం పల్చబరిచే మాత్రలు వాడుతుంటారు. ఆ మాత్రలు వాడేవాళ్ళు పాలకూర, తోటకూర వంటివి పూర్తిగా మానక్కర్లేదు. ఒక వారం రోజూ, మరో వారం అసలు లేకుండా కాకుండా, ఎప్పుడూ ఒకే పాళ్ళల్లో తినాలి. రక్తపరీక్ష తేదీ తప్పకూడదు.

మన చేతిలో ఉన్నది

అబ్లేషన్ డాక్టరు చేస్తారు. దాన్ని నిలబెట్టేది చాలావరకు మన వంటిల్లు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఎక్కువ బరువున్న 355 మంది ఫిబ్రిలేషన్ రోగులను గమనించి 2015లో చెప్పారు. ఒంటి బరువులో పదో వంతుకు పైగా తగ్గించుకున్నవాళ్ళలో లయ తప్పకుండా ఉండే అవకాశం మిగతావాళ్ళకన్నా ఆరు రెట్లు కనిపించింది. ఊరగాయ, అప్పడాల ఉప్పు తగ్గించండి. నూనె కొలిచి పొయ్యండి. బి.పి., షుగరు అదుపులో ఉంచండి. ఇంట్లో మద్యం అలవాటున్నవాళ్ళుంటే మానిపించండి. గట్టిగా గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగేవాళ్ళుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, దానికీ దీనికీ సంబంధముంది.

ఇంటికొచ్చాక మొదటి వారం బరువులు ఎత్తకూడదు. బిందెలు, గ్యాస్ సిలిండరు వద్దు. తొడ దగ్గర కమిలినట్టుంటే భయం లేదు. వాపు పెరుగుతుంటే, రక్తం కారుతుంటే అక్కడ గట్టిగా నొక్కిపట్టి ఆస్పత్రికి వెళ్ళాలి. ఫిబ్రిలేషన్‌కు చేశాక మొదటి రెండు మూడు నెలల్లో అప్పుడప్పుడు దడ వచ్చినా పని చెడిందని అనుకోవద్దు, లోపలి పుండు మానుతూ ఉంటుంది. కానీ ఆ రెండు నెలల్లో జ్వరం, మింగితే నొప్పి, ఛాతీ నొప్పి, మాట తడబడడం ఏది వచ్చినా ఇంటి వైద్యం వద్దు. చాలా అరుదుగా అన్నవాహికకు గాయమవుతుంది, అది ప్రాణాలమీదికి తెస్తుంది. చికిత్స చేసిన ఆస్పత్రికే వెంటనే ఫోన్ చెయ్యండి.

వెళ్ళేముందు అడగవలసినవి

ఒక కాగితం మీద ఇవి రాసుకుని వెళ్ళండి. నా లయ జబ్బు పేరేమిటి? ఒకసారితో సరిపోతుందా, రెండోసారి అవసరం రావచ్చా? మీ దగ్గర ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు? పల్చబరిచే మాత్ర ఎన్నాళ్ళు? ఆరోగ్యశ్రీగానీ, ఎన్టీఆర్ వైద్య సేవగానీ, బీమాగానీ వర్తిస్తుందా? చివరి ప్రశ్నకు ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు.

ఇంటిల్లిపాదికీ జ్వరమొస్తే మాత్ర వేసే మనం మన గుండె మాట వినడానికి ఒక పూట తీసుకోలేమా? ఈసారి దడ టక్కున మొదలైతే స్టవ్ ఆపేసి, గడియారం చూసి నాడి లెక్కపెట్టుకుని, ఇ.సి.జి. తీసే చోటికి ఎవరినైనా వెంటబెట్టుకుని బయలుదేరండి. ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్ళు తిరిగి పడిపోవడం కూడా ఉంటే ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యండి. కూర మాడినా ఫరవాలేదు.