పక్షుల సామూహిక మరణాలు: కారణ నిర్ధారణ

2019 నవంబరులో రాజస్థాన్‌లోని సాంభర్ ఉప్పునీటి సరస్సు వద్ద వేలాది వలస పక్షులు ఆకస్మికంగా మరణించాయి. ఇటువంటి మరణాలకు బర్డ్ ఫ్లూ, పురుగుమందుల విషప్రభావం, బొటులిజం వంటివి కారణాలు కావచ్చు. సాంభర్ నమూనాలలో బర్డ్ ఫ్లూ వైరస్ కనబడలేదు. బరేలీలోని భారతీయ పశువైద్య పరిశోధనా సంస్థ ఏవియన్ బొటులిజమ్‌ను నిర్ధారించింది.

క్లాస్ట్రీడియం బొటులినమ్ బాక్టీరియా ఆక్సిజన్ లేని, కుళ్ళుతున్న పదార్థంలో వృద్ధి చెంది నాడులపై పనిచేసే విషాన్ని ఉత్పత్తి చేస్తుంది. దాని వలన పక్షుల కాళ్ళు, రెక్కలు, మెడ చచ్చుబడతాయి. కళేబరాలపై పెరిగే ఈగల లార్వాలలో ఈ విషం చేరుతుంది. లార్వాలకు హాని కలుగదు గాని, వాటిని తిన్న పక్షులు మరణిస్తాయి. మరణాలు ఇట్లు కొనసాగుతాయి.

కావున కళేబరాలను వెంటనే తొలగించి కాల్చివేయాలి లేదా లోతుగా పూడ్చాలి. ప్రయోగశాల నిర్ధారణ వచ్చేవరకు బర్డ్ ఫ్లూగానే భావించి, చేతి తొడుగులు, మాస్కు ధరించి నమూనాలు సేకరించాలి.