గల్లీ పొగను గల్లీలోనే కొలవాలి

2023 జూన్‌లో కెనడా అడవులు తగలబడితే ఆ పొగ న్యూయార్క్, న్యూజెర్సీలను కమ్మేసింది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్ లాంటి ఊళ్లలో, పిల్లల్ని బయటికి పంపొచ్చా లేదా అన్నది ఫోన్లో మ్యాపు చూసి తేల్చుకునే వీలుంది. అక్కడి ప్రభుత్వ మ్యాపులో సర్కారు కేంద్రాల చుక్కలతో పాటు, జనం తమ ఇళ్ల గోడలకు తగిలించుకున్న చిన్న మీటర్ల చుక్కలూ కనిపిస్తాయి. మన హైదరాబాద్ విద్యానగర్‌కు కార్చిచ్చు రాదు. మనకున్నది చెత్తకుప్ప. చలికాలం తెల్లవారుజామున ఊడ్చిన ఆకులు, వాటిలో కలిసిన కవర్లు, టీ కప్పులు గల్లీ మూల రాజుకుంటాయి. పైన వెచ్చగాలి మూతపెట్టినట్టు ఉండటంతో పొగ పైకి లేవదు, మొదటి అంతస్తు కిటికీల దగ్గరే తారాడుతుంది. అశోక్‌నగర్ హాస్టళ్లలో గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు లేచి కిటికీ తెరిచే వేళ కూడా అదే.

ఈ పొగ నగరం లెక్కల్లోకి సరిగా ఎక్కదు. గాలిని నిరంతరం కొలిచే కేంద్రాలు సనత్‌నగర్, జూపార్క్, సోమాజిగూడ, న్యూ మలక్‌పేట లాంటి చోట్ల ఉన్నాయి. గల్లీ పొగ అంతదూరం చేరేలోపే పలచబడుతుంది. పైగా సన్నధూళికి గాలి నాణ్యత సూచీ(ఏక్యూఐ)ని 24 గంటల సగటు మీద కడతారు. గంటసేపు కాలిన కుప్ప ఆ సగటులో కలిసిపోతుంది.

గల్లీలోనే కొలవాలంటే ఇళ్లకు తగిలించే చవక మీటర్లే దారి. అవి తప్పు చూపిస్తాయంటారు. సగం నిజమే. పిడికెడంత డబ్బాలో చిన్న ఫ్యాను గాలిని లాగుతుంది, లేజర్ కాంతి ధూళికణాల మీద పడి చెదిరితే, ఆ చెదిరిన కాంతిని బట్టి మీటరు ధూళిని లెక్కకడుతుంది. తేమకు కణాలు ఉబ్బితే అంకె పెరుగుతుంది. అందుకే కొన్ని వారాలు ప్రభుత్వ కేంద్రం పక్కన పెట్టి, తేడా చూసి సవరించుకోవాలి. అమెరికా పర్యావరణ సంస్థ కూడా సవరించాకే ఆ అంకెల్ని మ్యాపులో పెట్టింది. చిక్కడపల్లి మార్కెట్లో తరాజు తేడాగా తూగితే సరిచేయిస్తాం గానీ, తూకమే వద్దనం కదా.

కొలిస్తే పొగ ఆగుతుందా? ఒట్టి కొలతతో ఆగదు. చెత్త తగలబెడితే 5,000, పెద్దఎత్తున అయితే 25,000 రూపాయల జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లోనే చెప్పింది. ఫిర్యాదు అందేసరికి మిగిలేది బూడిద. రోజూ ఏ గంటకు అంకె ఎగబాకుతోందో మీటరు రాసిపెడితే, చెత్త బండి ఏ రోజు రాలేదో దాని పక్కనే పెట్టి చూడొచ్చు. అప్పుడు నింద అగ్గిపుల్ల గీసిన సఫాయి కార్మికుడి మీదే పడదు, కుప్పను ఎత్తనివాళ్లూ జవాబు చెప్పాల్సి వస్తుంది. కాలనీ సంఘాలు ఈ దీపావళికి ముందే గల్లీకో మీటరు తగిలించి, అంకెల్ని గేటు దగ్గరి నోటీసు బోర్డు మీద రాయడం మొదలుపెట్టాలి.