పందేల నుండి విరమించిన గ్రేహౌండ్‌కు చిన్న శునకంతో పరిచయం: పాటించవలసిన జాగ్రత్తలు

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో 2018లో ఓటర్లు ఆమోదించిన రాజ్యాంగ సవరణ ఫలితంగా గ్రేహౌండ్ పందేలు 2020 చివరికి నిలిచిపోయాయి. పందేల నుండి విరమించిన ఈ శునకాలను అనేక కుటుంబాలు దత్తత తీసుకొంటాయి. అట్టి ఇంట చివావా వంటి చిన్న శునకం ఉన్నట్లయితే తొలి పరిచయం క్రమపద్ధతిలో జరగవలెను.

గ్రేహౌండ్ చూపు ఆధారంగా వేటాడే జాతి. గంటకు 60 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెత్తగలదు. కదిలే కృత్రిమ ఎరను తరుముట దానికి శిక్షణలో అలవడుతుంది. స్వజాతి శునకాల మధ్యనే పెరుగుట వలన ఇతర జాతులతో పరిచయం తక్కువ. కావున ప్రమాదానికి ప్రధాన మూలం కోపం కాదు, కదలిక రేకెత్తించే వేట ప్రవృత్తి.

పరిచయ విధానం:

1. గ్రేహౌండ్ మూతికి గాలి ఆడే చిక్కం తొడగాలి. దాని మెడ తలకంటె వెడల్పు గనుక జారిపోని పట్టీ వాడాలి.

2. ఇంటి వెలుపల, రెండింటికీ కొత్తదైన చోట, ఇద్దరు వ్యక్తులు వాటిని తాళ్లతో పట్టుకొని, దూరం పాటిస్తూ ఒకే దిశలో నడిపించాలి.

3. రెండూ ప్రశాంతంగా ఉన్నప్పుడే దూరాన్ని క్రమంగా తగ్గించాలి. గ్రేహౌండ్ బిగుసుకొని, రెప్పవేయక చూస్తే వెంటనే దూరం పెంచాలి.

4. ఇంట్లో మేత, పడక వేరుగా ఏర్పరచాలి. పర్యవేక్షణ లేనప్పుడు వేరు గదులలో ఉంచాలి.

ఇంట్లో కుదిరిన సఖ్యత ఆరుబయట పరుగులో నిలుస్తుందని భావించరాదు. చిన్న శునకం అరుస్తూ పరుగెత్తిన క్షణంలో వేట ప్రవృత్తి మేల్కొనవచ్చు. కొన్ని గ్రేహౌండ్లు ఎన్నటికీ సర్దుకొనలేవు. వాటికి చిన్న జంతువులు లేని ఇంటిని చూచుటయే శ్రేయస్కరం.